జ్ఞానయ్యకు ఎవరూ చెప్పని మోత

పిచ్చేశ్వరరావు పికప్పును ఒక రైసుమిల్లు లారీ మోకు కట్టి బందరు దాకా లాక్కొచ్చింది. మోపిదేవి దాటి వస్తుంటే వెనక ఇరుసులో ఏదో ఫెళ్ళుమందట. ఆ తర్వాత ఇంజను తిరుగుతోంది గాని చక్రాలు కదలడం లేదు. బండి నిండా లంకల్లో కొట్టిన అరటి గెలలు, వాటి పక్కన గుండు కొట్టించుకున్న మొక్కుబడి జనం. జనం అక్కడే దిగి బస్సెక్కారు. గెలలు మాత్రం బండితోపాటు బందరు వచ్చాయి.

చిలకలపూడి రోడ్డులో నా లేతు షెడ్డూ, జ్ఞానయ్య మెకానిక్ షెడ్డూ పక్కపక్కన ఉండేవి. మధ్యలో తాటాకు దడి. ఇనప ముక్క కోసి నున్న చేయడం నా పని. బండి విప్పి బిగించడం ఆయన పని. వయసులో నాకన్నా పెద్దవాడే అయినా నన్ను బావా అని పిలిచేవాడు. మాకేమీ చుట్టరికం లేదు.

ఆ రోజు ఏం జరిగిందని జ్ఞానయ్య ఎవరినీ అడగలేదు. సత్తు బేసిను పట్టుకుని బండి కిందికి దూరాడు. అడుగు బోల్టు విప్పి నూనె బేసినులోకి వదిలాడు. పైకి వచ్చి ఆ నూనెలో చెయ్యి పెట్టి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి, ఇనప ముక్కలు నా అరచేతిలో పెట్టాడు.

"పినియను పళ్ళు బావా. క్రౌను కూడా దెబ్బతినే ఉంటుంది."

వెనక ఇరుసు మధ్యలో కుండలా ఉబ్బి కనిపించేదే డిఫరెన్షియల్. అందులో పెద్ద పళ్ళచక్రం క్రౌను, దాన్ని తిప్పే చిన్నది పినియను. ఇంజను నుంచి పొడుగ్గా వచ్చే తిప్పుడును పక్కకు మళ్ళించి రెండు చక్రాలకూ అందించేది ఈ జతే. ఇవి రెండూ ఒకదానిలో ఒకటి ఎంత లోతున కూర్చున్నాయన్నదే అసలు పని. వెంట్రుకవాసి ఎక్కువైతే మోత. తక్కువైనా మోతే. మోతతో తిరిగిన జత ఎక్కువకాలం బతకదు.

ఆ పనిలో కృష్ణా జిల్లా మొత్తానికి జ్ఞానయ్య పేరు చెప్పేవారు. పుట్టింది గూడూరు పక్కన. తండ్రి పాలేరు. మిషను బళ్ళో కొద్దిగా చదివాక యుద్ధం వచ్చింది. మిలిటరీ లారీల వర్క్‌షాపులో పానాలు అందించే పనికి కుదిరాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పానా అందిస్తూ అది ఎక్కడికి వెళ్తోందో చూశాడు, అంతే. యుద్ధం అయ్యాక వచ్చి బందరులో షెడ్డు వేశాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. చింతచేవ కర్ర ఒక కొస ఇరుసు కుండకు ఆనించి, రెండో కొస పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. లోపలి మోత కర్రలోంచి దవడలోకి, దవడలోంచి చెవిలోకి వచ్చేది. "మేస్త్రీ బండిని చెరుకుగడలా నములుతున్నాడ్రోయ్" అని డ్రైవర్లు నవ్వేవారు. కర్ర తీసి ఆయన ఏం చెప్పినా మళ్ళీ మాట ఉండేది కాదు.

లారీ బాడీలకు రివిట్లు కొట్టీ కొట్టీ ఆ చెవులే పాడయ్యాయి. మొదట పిచికలు వినిపించడం మానేశాయి. తర్వాత సైకిలు బెల్లు. చర్చిలో పాట అందరూ ఆపేశాక ఈయన గొంతు ఒక్కటే మిగిలిపోయేది. రెండు ఆదివారాలు అలా జరిగాక పాడడం మానేసి పెదవులు మాత్రం కదిపేవాడు. ఆ సంగతి ఆయన భార్య అన్నమ్మ మా ఇంట్లో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

ఒక మధ్యాహ్నం తనే నన్ను అడిగాడు.

"బావా, ఈ తలుపు కిర్రుమంటోందా?"

"కిర్రుమనడమా? మా ఇంటిదాకా వినిపిస్తోంది. కాస్త నూనె పొయ్యరాదూ?"

"నాకు వినపడ్డంలేదు."

ఇద్దరం ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాం. ఆయనే అన్నాడు: "వెనకిరుసు పని చేతిలో ఉన్నన్నాళ్ళే నేను మేస్త్రీని. అది పోతే పంక్చర్లు వేసుకునేవాణ్ణి."

పిచ్చేశ్వరరావు బండి వచ్చింది ఆ రోజుల్లోనే. అతనిది అవనిగడ్డ వైపు. పొలం ఏరు కోసుకుపోతే, మిగిలిన గొడ్డూ గోదా అమ్మి, మిలిటరీ వేలంలో చేతులు మారిన ఈ అమెరికా పికప్పు కొనుక్కున్నాడు. నోరు పెద్దది, మనసు మెత్తన. జ్ఞానయ్యను బాబాయ్ అనేవాడు.

ఆ బండికి క్రౌను, పినియను ఎక్కడా దొరకలేదు. విదేశీ సరుకు దిగుమతి ఆపేసిన రోజులవి. బెజవాడలో కొట్ల వాళ్ళు బండి పేరు వినగానే చేతులు ఊపేశారు. ఆఖరికి గుడివాడలో రైసుమిల్లు ఉన్న గోవర్ధనరావు గారి దొడ్లో అదే రకం పికప్పు ముందు భాగం నుజ్జై పడి ఉందని తెలిసింది. ఆయనకు బస్సులు కూడా ఉన్నాయి. పిచ్చేశ్వరరావు వెళ్ళి అడిగాడు. అక్కడి మాటలన్నీ తిరిగి వచ్చాక మా ముందు నటించి చూపించాడు.

"ఆ చచ్చిన బండిలోంచి ఏం కావాలన్నా పీక్కుపోవయ్యా. కాని ఒక్క మాట. జ్ఞానయ్యకి చెముడొచ్చిందంటున్నారు, నిజమేనా?"

"చెముడా! చీమ నడిస్తే లేచి కూర్చుంటాడండి మా బాబాయ్."

"అయితే నీ బండి మోత లేకుండా తిరగనీ. చూస్తాను. బాగుంటే నా బస్సు ఇరుసు కూడా ఆయన చేతికే. లేదా బెజవాడ పంపిస్తాను."

ఇది విని అందరం నవ్వాం. జ్ఞానయ్య మా పెదవులు చూసి, కాస్త ఆలస్యంగా నవ్వాడు. తర్వాత గోనెసంచి విప్పి క్రౌనునూ పినియనునూ ఎండలోకి తీసుకెళ్ళాడు. వీటిని కార్ఖానాలో జతగా ఒరిపిడి పట్టి, రెండిటి మీదా ఒకే నంబరు గీస్తారు. ఒకదాని జత ఇంకోదానికి పనికిరాదు. ఆయన మసి తుడిచి రెండు నంబర్లూ చూశాడు.

"జతే. ఎవరి పెళ్ళాం వాళ్ళ దగ్గరే ఉంది" అన్నాడు.

పని మొదలైంది. పళ్ళు ఎలా కలుస్తున్నాయో చూడడానికి జ్ఞానయ్య సింధూరం వాడేవాడు. నూనెలో మెదిపి క్రౌను పళ్ళకు పూసి తిప్పితే, పినియను ఒత్తిన చోట రంగు పోయి ఇనుము మెరుస్తుంది. ఆ మెరుపు పంటికి నడిమధ్య పడాలి. సింధూరం కోసం పచారీ కొట్టుకు వెళ్తే కొట్టాయన ప్రతిసారీ అదే హాస్యం.

"ఏం జ్ఞానయ్యా, పాస్టరు గారికి తెలుసా?"

"ఆంజనేయస్వామికి కాదండీ. అమెరికావాడికి పూస్తున్నా."

పినియను లోతు సరిచేయడానికి దాని వెనక పలచని రేకు బిళ్ళలు పెట్టాలి. కంపెనీ బిళ్ళలు దొరకవు గనక వాటికి చిలకలపూడి వెళ్ళేవాడు. రోల్డుగోల్డు నగల పనివాళ్ళు రేకును ఎంత పలచగా కావాలంటే అంత పలచగా సాగదీస్తారు. "ఉల్లిపొర మందం" అని అడిగితే ఉల్లిపొర మందమే వచ్చేది. నేను పినియను బేరింగు కూర్చునే చోట అరిగిన భాగానికి బుష్షు, అంటే గుండ్రటి లోహపు తొడుగు, చేసిచ్చాను. ఒక బిళ్ళ పెట్టడం, సింధూరం పూయడం, తిప్పడం, చూడడం, విప్పడం. ఎన్నిసార్లు విప్పాడో నేను లెక్కపెట్టలేదు. ఆఖరికి మెరుపు పంటికి మధ్యన పడింది.

నేను బాగుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కొత్త జతయితే ఇక్కడితో అయిపోయినట్టే బావా. ఇవి అరిగిన పళ్ళు. ఊరికే తిప్పితే ఒకలా కలుస్తాయి, బరువు పడ్డాక ఇంకోలా ఒరుసుకుంటాయి. ఆ కాస్త తేడా రోడ్డు మీద వినాల్సిందే."

బిగించి రోడ్డు మీదికి తీశారు. నేను వెంట వెళ్ళలేదు. బేరింగు ఒకటి లేతు మీద సగంలో ఉంది. మంగినపూడి రోడ్డులో ఏం జరిగిందన్నది ఆ తర్వాత చాలాకాలానికి పిచ్చేశ్వరరావు చెప్పాడు.

బండి వెనక తొట్టిలో ఇరుసు మీద పలక ఒకటి ఊడదీసి, జ్ఞానయ్య బోర్లా పడుకుని కర్ర కరిచి పట్టుకున్నాడట. ఇతను యాక్సిలరేటరు తొక్కుతూ, వదులుతూ నడిపాడట. తొక్కినప్పుడు ఏమీ లేదు. వదిలినప్పుడు మాత్రం సన్నగా, తల్లిని విడిచిన దూడ అరిచినట్టు ఒక మోత. కొంతదూరం పోయాక ఆయన పలక మీద తట్టాడు. బండి ఆపాక దిగివచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"వదిలినప్పుడు ఏమన్నా అంటోందా?"

"ఆయన మొహం చూశానండీ" అని చెప్పాడు పిచ్చేశ్వరరావు. "మావాణ్ణి ఆస్పత్రిలో పడుకోబెట్టినప్పుడు డాక్టరు ముందు నా మొహం అలాగే ఉండుంటుంది. ఉందని ఎలా చెప్పను? ఏమీ లేదు బాబాయ్, వెన్నపూస అన్నాను."

జ్ఞానయ్య రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టాడట, ఎవరికో మరి. తిరిగి వచ్చిన మనిషిని నేనూ చూశాను. నడకే మారిపోయింది.

బండి దివిసీమ తిరగడం మొదలుపెట్టింది. మోత నెమ్మదిగా పెరిగింది. అవనిగడ్డ టీ కొట్టు దగ్గర ఆగితే చాలు, బల్లల మీదివాళ్ళు అందుకునేవారు.

"ఏం పిచ్చేశ్వరరావూ, బండిలో దూడనెక్కించావేంటి?"

"ఆ ఏడుపు జ్ఞానయ్య చేతిదేనంటయ్యా. పాపం, ఆయనకి ఏడుపూ పాటా ఒకటే ఇప్పుడు."

ఇంకెవరైనా అయితే ఆ సాయంత్రమే బండి బందరు తిప్పేవారు. ఇతను తిప్పలేదు. తిప్పితే తను ఆ రోజు అబద్ధమాడానని చెప్పాలి. అంతకన్నా, మీ చెవి పోయిందని ఆ మనిషి మొహం మీద చెప్పాలి. ఈ మాట గుడివాడ చేరితే బస్సు పని పోతుంది. పాత బస్సు డ్రైవరు నరసయ్య అక్కడే టీ తాగుతూ ఇతన్ని పక్కకు పిలిచాడు.

"ముగ్గిన అరటిపళ్ళూ, రంపప్పొట్టూ కలిపి ఇరుసు కుండలో కూరెయ్యి. నోరు మూసుకుంటుంది. పాత బళ్ళు అమ్మేవాళ్ళు చేసేదదే."

"పాడవదా?"

"అరటిపండు తింటే ఎవడికన్నా పాడవుద్దా?"

బండిలో అరటిపళ్ళకు కొదవా? కోత మిల్లులో పొట్టు దొరికింది. తనే బండి కిందికి దూరి తన చేత్తోనే కూరాడు. మోత ఆగిపోయింది. పిసరంత మోత కూడా లేదు. తను చేసింది మంచిపనే అనుకున్నాడు. బాబాయ్ పేరు నిలబడింది, బండీ తిరుగుతోంది, ఎవరి మనసూ నొప్పించలేదు. మా వైపు వాళ్ళం ఒకరి మొహం మీద చేదు మాట అనలేం. దానికి బదులు ఏమైనా చేస్తాం.

గోవర్ధనరావు గారు కొల్లేటి చుట్టాల దగ్గరికి వెళ్ళే పని పెట్టుకుని మరీ ఆ పికప్పులో కూర్చుని వెళ్ళారు. చెవి ఒగ్గి విన్నారు. వారం తిరక్కుండా ఆయన బస్సు మా షెడ్ల ముందుకు వచ్చి ఆగింది.

ఆ రోజు జ్ఞానయ్య బందరు హల్వా తెచ్చి రోడ్డున పోయేవాళ్ళకు కూడా పెట్టాడు. దడి పక్కకు తొలగించి నా దగ్గరికి వచ్చాడు.

"చెవి పోతే పోయింది బావా. చేతికి గుర్తుంది."

రోడ్డంతా వినిపించేంత గట్టిగా అన్నాడు ఆ మాట, తనకు తెలియకుండానే. అన్నమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బస్సు ఇరుసు పని ఆయన పాటలాగా చేశాడు. కర్ర ముట్టుకోలేదు కూడా.

బస్సు బిగించడం అయిపోయి, రోడ్డు మీదికి తీయడమే మిగిలిన రోజున పికప్పు మళ్ళీ మోకు కట్టుకుని వచ్చింది. ఈసారి పులిగడ్డ అక్విడక్టు వంతెన మీదే చక్రాలు పట్టేశాయట. వెనక బళ్ళన్నీ ఆగిపోయి జనం తిట్టిపోశారట. పిచ్చేశ్వరరావు దిగాడు గాని షెడ్డులోకి రాలేదు.

జ్ఞానయ్య బేసిను పట్టుకుని బండి కిందికి వెళ్ళాడు. బోల్టు విప్పితే నూనె కారలేదు. ఇనప పుల్లతో పొడిస్తే నల్లటి బురద ముద్దగా పడింది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపాడు. పీచు తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పులిసిన కల్లు వాసన నా దాకా వచ్చింది. పొట్టు నూనె దారులన్నీ పూడ్చేసి, పినియను బేరింగుకు నూనె అందకుండా చేసింది. అది ఎండి, మాడి, పట్టేసి, పళ్ళను విరిచేసింది.

"ఇదేంటి?" అన్నాడు జ్ఞానయ్య.

పిచ్చేశ్వరరావు ఏదో గొణిగాడు.

"ఆ?"

"మోతొచ్చింది బాబాయ్."

"ఏవొచ్చింది?"

ఇక అతను అరవాల్సి వచ్చింది. "మోత! మోతొచ్చింది! వదిలినప్పుడు మోత!"

పక్క కొట్లవాళ్ళు బయటికి వచ్చి చూశారు. బస్సు కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. అన్నమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎప్పుడొచ్చింది?"

"మొదటిరోజే! మంగినపూడి రోడ్డులోనే!"

"లేదన్నావుగా."

పిచ్చేశ్వరరావు దీనికి జవాబు గట్టిగా చెప్పలేక దగ్గరికి వచ్చి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. ఏం చెప్పాడో మాకు వినిపించలేదు. జ్ఞానయ్య మొహంలో కూడా ఏమీ కనిపించలేదు.

"ఒక బిళ్ళ తీసేవాణ్ణి" అన్నాడు చివరికి. "చెప్పుంటే ఒక్క బిళ్ళ. అన్నం వేళకి అయిపోయేది."

"నన్ను తిట్టు బాబాయ్. కొట్టు."

"తిడితే పళ్ళు మొలుస్తాయా?"

ఇంకో జత లేదు. మేమిద్దరం ఊరికే కూర్చోలేక చేయగలిగిందేదో చేశాం. విరిగిన పళ్ళ చోట నేను గ్యాసు వెల్డింగుతో ఇనుము పోసి పెంచాను. ఆయన రోజుల తరబడి ఆకురాయితో అరగదీసి పంటి ఆకారం తెచ్చాడు. చూడడానికి చక్కగానే ఉంది. ఖాళీ బండి షెడ్డు దాటింది, రోడ్డు మలుపూ తిరిగింది. ఇటుకల బరువు వేయగానే విరిగింది. పెంచిన ఇనుముకు అసలు ఇనుములో ఉన్న పదును ఉండదు. అది ఇద్దరికీ ముందే తెలుసు. పిచ్చేశ్వరరావు పికప్పును తుక్కుకు ఇచ్చేసి, ఇంకొకరి లారీకి డ్రైవరుగా కుదిరాడు. వెళ్ళేముందు వచ్చి చాలాసేపు కూర్చున్నాడు.

బస్సు అప్పటిదాకా షెడ్డు ముందే ఆగి ఉంది. కండక్టరు రోజూ వచ్చి అడిగిపోతున్నాడు. జ్ఞానయ్య తాళం చెవి ఇవ్వడు. నేనే ముందుకొచ్చి, నేను ఎక్కి వెళ్ళి విని వస్తానని చెప్పాను. పామర్రు దాకా వెనక సీటులో, సరిగ్గా ఇరుసు పైన కూర్చుని వెళ్ళాను. డ్రైవరుతో తొక్కించాను, వదిలించాను. వంతెన ఎత్తు మీద ఎక్కించాను, దించాను. ఎక్కడా మోత లేదు. అంత మెత్తగా తిరిగే ఇరుసును నేను అంతకుముందు వినలేదు. తిరిగి వచ్చేసరికి ఆయన రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు.

"లేదు" అన్నాను గట్టిగా.

"వదిలినప్పుడు?"

"వదిలినప్పుడూ లేదు!"

"ఎత్తెక్కేటప్పుడు?"

"లేదు! ఒట్టు! మా పిల్లల మీద ఒట్టు!"

ఆయన నా మొహం వంక చాలాసేపు చూశాడు. కనుబొమలు, పెదవులు, కళ్ళు, అన్నీ చూశాడు. పిచ్చేశ్వరరావు మొహాన్ని కూడా ఆ రోజు ఇలాగే చూసి ఉంటాడు.

"నువ్వూ మంచివాడివే బావా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చేసరికి బస్సు వెనక చక్రాలు గాల్లో ఉన్నాయి. జ్ఞానయ్య ఇరుసు విప్పి క్రౌనుకు సింధూరం పూస్తున్నాడు. మెరుపు మధ్యనే పడింది. తుడిచి మళ్ళీ పూశాడు. మళ్ళీ మధ్యనే పడింది. ఒక బిళ్ళ తీసి చూశాడు, పెట్టి చూశాడు, పట్టుకుని నిలబడ్డాడు. అన్నమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇక చాలయ్యా" అంది. ఆమె ఏమన్నదో ఆయనకు వినిపించిందో లేదో నాకు తెలియదు. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

అలా కొన్నాళ్ళు గడిచాక గోవర్ధనరావు గారి మనుషులు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. విప్పిన సామానంతా గోనెసంచుల్లో వేసుకుని, బస్సును బెజవాడ లాక్కెళ్ళారు. అక్కడ మేస్త్రీ అన్నీ జ్ఞానయ్య పెట్టిన బిళ్ళలతోనే, పెట్టిన వరసలోనే తిరిగి బిగించి, రోడ్డు మీద చూసి, ఇందులో నేను చేయాల్సిందేమీ లేదన్నాడట. కండక్టరు ఆ సంగతి చెప్పిపోయాడు.

నేను దడి దాటి వెళ్ళి జ్ఞానయ్యకు చెప్పాను. ఆయన అప్పుడు ఒక రిక్షా ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కొక్క మాటే విడదీసి, మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆయన తల ఊపాడు. అన్నం తిన్నావా అని అడిగినా అప్పట్లో అలాగే ఊపేవాడు.